పంటి బిగువు వెనుక: నిద్రలో నూరే పళ్ళు, పగలు బిగిసే దవడ

హాల్లో వరసగా పక్కలు వేసుకుని అందరూ పడుకున్న ఇంట్లో అర్ధరాత్రి ఎవరో పళ్ళు నూరుతున్న చప్పుడు వినిపిస్తుంది. గింజలు పోయకుండా తిరగలి తిప్పితే రాయి మీద రాయి ఒరుసుకున్నట్టు ఉంటుందది. తెల్లవారాక పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటే: కడుపులో నులిపురుగులు ఉన్నాయి, మందు వేయించండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే కాదు, తెలుగునాట ఏ మూలకు వెళ్ళినా ఈ తీర్పు మారదు. నూరినది పిల్లవాడైతే మందు వేస్తారు. పెద్దవాడైతే నవ్వి ఊరుకుంటారు. రెండు సందర్భాల్లోనూ అసలు సంగతి అలాగే మిగిలిపోతుంది.

పురుగుల మాట ముందు తేల్చుకోవాలి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ అల్బెండజోల్ మాత్రలు వేస్తారు. 2015లో మొదలైన ఈ జాతీయ కార్యక్రమం 1 నుంచి 19 ఏళ్ళ లోపు వారి కోసం. రెండేళ్ళు నిండినవారికి 400 మిల్లీగ్రాముల మాత్ర, అంతకంటే చిన్నవారికి అందులో సగం. రక్తహీనత తగ్గడానికీ, పిల్లల ఎదుగుదలకూ అది ఎంతో అవసరం, తప్పకుండా వేయించాలి. కానీ పళ్ళు నూరడానికి కారణం పురుగులేనని ఇంతవరకు నిరూపణ కాలేదు. నులిపురుగుల వల్ల రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పుట్టి నిద్ర చెదరడం మాత్రం నిజం. చెదిరిన నిద్రకూ, పళ్ళు నూరడానికీ దగ్గరి సంబంధం ఉంది. పాత నమ్మకంలో నిజం ఉంటే ఆ మేరకే ఉండాలి. మాత్ర వేసిన తర్వాత కూడా చప్పుడు ఆగకపోతే మళ్ళీ మళ్ళీ మాత్రలు వేయడంలో అర్థం లేదు. వెతకాల్సిన చోటు కడుపు కాదు, నిద్ర.

వైద్యులు బ్రక్సిజం అని పిలిచేది నిజానికి ఒకే పేరు కింద ఉన్న రెండు వేర్వేరు పనులు. ఒకటి నిద్రలో జరుగుతుంది. అందులో నూరడమూ ఉంటుంది, బిగించడమూ ఉంటుంది. రెండోది మెలకువలో జరుగుతుంది; అందులో చప్పుడు దాదాపు ఉండదు, దవడ బిగిసి ఉండటమే ఎక్కువ. పెద్దవాళ్ళలో సుమారు పదిమందికి ఒకరు నిద్రలో, నలుగురికి ఒకరు మెలకువలో ఈ పని చేస్తారని అధ్యయనాల అంచనా. నిద్రలో నూరడం పిల్లల్లో ఎక్కువ, వయసు మీదపడేకొద్దీ తక్కువ. ఈ రెంటినీ కలిపి ఒకే మందు వెతకడం వల్లే చాలామందికి ఫలితం దక్కదు.

కారణం గురించి వైద్యం కూడా చాలా కాలం పొరబడింది. 1907లో ఫ్రాన్స్‌లో మారీ, పీట్కీవిచ్ అనే ఇద్దరు ఈ అలవాటును ఒక ఉన్మాదంగా భావించి పేరు పెట్టారు. ఇప్పుడు వాడే బ్రక్సిజం అనే మాట 1931లో వచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు నేరమంతా పళ్ళ అమరిక మీదే మోపారు. పైపన్ను, కిందిపన్ను సరిగ్గా కూర్చోకపోతే, ఎక్కడో ఒక మిట్ట అడ్డుపడితే, దాన్ని తొలగించడానికే దవడ రాత్రంతా శ్రమపడుతుందని అనుకున్నారు. 1961లో రామ్‌ఫ్యోర్డ్ అనే పరిశోధకుడు కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచి ఆ వాదానికి బలం చేకూర్చాడు. దాంతో మిట్టలు అరగదీసి కాటు, అంటే పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే తీరు, సరిచేయడం చికిత్స అయింది. ఎందరివో ఆరోగ్యవంతమైన పళ్ళు అలా అనవసరంగా అరిగిపోయాయి. నిద్రను ప్రయోగశాలలో గంటల తరబడి పరిశీలించడం మొదలయ్యాక కథ పూర్తిగా తిరగబడింది.

నిద్ర నిలకడగా ఉండే చెరువు నీరు కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్ర కూడా రాత్రి పొడవునా, కొద్ది సెకన్లపాటు, మనిషికి తెలియకుండానే పలచబడుతుంది. ఆ క్షణాల్లో మెదడు మెలకువ అంచు వరకు వచ్చి మళ్ళీ లోపలికి జారుకుంటుంది. పళ్ళు నూరడం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. వరస ఇలా ఉంటుంది: కొన్ని నిమిషాల ముందే గుండెను ఉత్తేజపరిచే నాడుల చురుకుదనం మెల్లగా పెరుగుతుంది. నూరడానికి సుమారు నాలుగు సెకన్ల ముందు మెదడు తరంగాలు వేగం పుంజుకుంటాయి. ఒక సెకను ముందు గుండె దడ హెచ్చుతుంది. ఆ వెంటనే నోరు తెరిచే కండరాలు కదులుతాయి. అప్పుడు గానీ నమిలే కండరాలు బిగిసి పళ్ళు ఒరుసుకోవు. అంటే గొలుసులో పళ్ళది చిట్టచివరి కొక్కెం. మొదలు మెదడులో ఉంటే, కొసన ఉన్న పన్నును అరగదీసి ఏం లాభం? ఇందులో ఎక్కువ భాగం తేలికపాటి నిద్ర దశల్లో జరుగుతుంది. కలల నిద్రలో తక్కువ. పీడకల వల్ల పళ్ళు నూరుతారనే మాట కూడా అందువల్ల పెద్దగా నిలవదు.

ఇంకొక సంగతి కూడా ప్రయోగశాలలే చెప్పాయి. పళ్ళు నూరని వాళ్ళలో కూడా దాదాపు 60 శాతం మందిలో నిద్రలో నమిలే కండరాలు లయగా కదులుతాయి. తేడా కదలికలో లేదు, దాని బలంలోనూ ఎన్నిసార్లు వస్తుందన్న దానిలోనూ ఉంది. అందుకే వేరే జబ్బు ఏదీ లేని మనిషి పళ్ళు నూరడాన్ని ఇవాళ రోగం అనడం లేదు. అది ఒక ప్రవర్తన అని, కొందరిలో మాత్రమే హాని చేస్తుందని 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది. నొప్పీ అరుగుదలా లేని మనిషి రాత్రి ఎప్పుడో నూరితే కంగారు పడాల్సిన పని లేదు.

పగటి బిగింపు

తెలుగు భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కోపం వస్తే పళ్ళు పటపట కొరుకుతాం. కష్టం వస్తే పంటి బిగువున భరిస్తాం. ఒకటి ఆగ్రహం, ఒకటి ఓర్పు. రెంటికీ సాక్షి దవడే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరి తోటలను, జీడి తోటలను నేలకూల్చింది. ముప్పై నలభై ఏళ్ళు పెంచిన చెట్లు పోయిన రైతులు దాన్ని ఎలా తట్టుకున్నారో చెప్పాలంటే ఈ నుడికారం కంటే సరైన మాట దొరకదు. ఆ ఓర్పు గొప్పదే. కానీ దవడ కండరానికి ఓర్పు తెలియదు, బరువే తెలుసు.

ఆ బరువు ఎంతో అర్థం కావాలంటే దవడ మామూలుగా ఎలా ఉండాలో తెలియాలి. చాలామంది పెదవులు మూసుకున్నప్పుడు పళ్ళు కూడా కలిసి ఉండటమే సహజమనుకుంటారు. కాదు. మాట్లాడకుండా, తినకుండా ఊరికే కూర్చున్న మనిషికి పెదవులు కలిసి, పళ్ళు విడిగా ఉండాలి. పై వరసకూ, కింది వరసకూ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. నమలడం, మింగడం అన్నీ కలుపుకున్నా, 24 గంటల్లో పళ్ళు ఒకదానినొకటి తాకే సమయం మొత్తం ఇరవై నిమిషాలు మించదు. పని మీద తల వంచుకుని రెండు గంటలు పళ్ళు కరచి కూర్చున్న మనిషి, ఆ దవడ ఆరు రోజుల్లో చేసే పనిని ఆ ఒక్క పూటలోనే చేయించాడన్నమాట. గట్టిగా కొరకనక్కర లేదు, తేలికగా తాకించి ఉంచినా కండరం అలిసిపోతుంది.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని దువ్వి శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడను వాడతారు. ఆ దవడకున్న సన్నని పళ్ళే దువ్వెన. ఆ పత్తితోనే 100 కౌంటు దాకా సన్నని నూలు వడుకుతారు. పోగు మీద చూపు నిలిపి గంటల తరబడి కూర్చునే ఇలాంటి పనుల్లో మనిషి తన దవడ సంగతి మరిచిపోతాడు. పలాసలో జీడిపప్పు పొట్టు తీసి గ్రేడు చేసే స్త్రీలు, కుట్టుమిషన్ మీద వంగిన దర్జీ, సాలూరు ఘాట్ రోడ్డు మలుపుల్లో లారీ నడిపే డ్రైవరు, రాత్రి రెండింటి దాకా ఫోను వదలని విద్యార్థి అందరూ ఈ కోవలోకే వస్తారు. ఏకాగ్రత పెరిగేకొద్దీ దవడ బిగుస్తుంది. దానికి కోపమో, దిగులో ఉండాల్సిన అవసరం కూడా లేదు.

బరువు ఎత్తే వాళ్ళ సంగతి వేరు. విజయనగరం జిల్లా కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరు తెచ్చుకుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. బరువు ఎత్తే క్షణంలో పళ్ళు బిగించడం శరీరం తనంతట తాను చేసే పని. దవడ బిగిసినప్పుడు కాళ్ళ కండరాల ప్రతిచర్య కొంత పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది కూడా. కొద్ది క్షణాల ఆ బిగింపు తప్పు కాదు. కానీ రోజూ గంటల కొద్దీ సాధన చేసేవారికీ, మూటలు మోసే హమాలీలకూ పళ్ళ అంచులు పెచ్చులూడే ప్రమాదం ఉంటుంది. సాధన చేసే పిల్లలకు పళ్ళ డాక్టరు పరీక్ష కూడా శిక్షణలో భాగమైతే బాగుంటుంది.

దీనికి ఎదురుగా విజయనగరంలోనే ఒక చక్కని ఉదాహరణ ఉంది. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్‌ను గడ్డానికీ భుజానికీ మధ్య నొక్కి పట్టుకుంటారు. ఆ కళాకారుల్లో దవడ కీలు నొప్పులు పరిశోధకులు ఎప్పటినుంచో గమనిస్తున్నవే. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు వంటి వారు బోధించిన కర్ణాటక పద్ధతిలో విద్వాంసుడు నేల మీద కూర్చుని, వాద్యం కొసను పాదం మీద ఆనించుకుంటాడు. బరువు పాదానిది. వాద్యాన్ని పట్టి ఉంచే పని దవడకు ఉండదు.

గుర్తులు ఎక్కడ కనిపిస్తాయి

ఒంటరిగా పడుకునేవారికి తాము పళ్ళు నూరుతున్నట్టు తెలియదు. పక్కన ఉన్నవారు చెబితేనే తెలుస్తుంది. హైదరాబాదులో, చెన్నైలో పనికి వెళ్ళి ఒకే గదిలో నలుగురైదుగురు ఉండే వలస కూలీలకూ, హాస్టల్ పిల్లలకూ ఈ వార్త తోటివారి ఫిర్యాదుగా అందుతుంది. చప్పుడు లేకుండా బిగించేవారికైతే చెప్పేవారే ఉండరు. అప్పుడు శరీరమే చెప్పాలి.

లేవగానే దవడ బరువుగా, అలిసిపోయినట్టు ఉండటం, కణతల దగ్గర నొప్పి, పూట గడిచేకొద్దీ అది తగ్గిపోవడం రాత్రి బిగింపుకు ముఖ్యమైన సూచన. సాయంత్రానికి నొప్పి పెరుగుతూ ఉంటే అనుమానించాల్సింది పగటి బిగింపును. చెవి ముందు రెండు వేళ్ళు ఉంచి నోరు తెరిచి మూస్తే కీలు టక్కుమనవచ్చు. చప్పుడు ఒక్కటే ఉండి నొప్పి లేకపోతే దానికి వైద్యం అక్కర లేదు. అద్దంలో చూస్తే బుగ్గ లోపలి వైపు, పళ్ళు కలిసే ఎత్తులో తెల్లని గీత కనిపించవచ్చు. నాలుక అంచు మీద పళ్ళ అచ్చులు పడి ఉండవచ్చు. చల్లని నీరు తాగితే పళ్ళు జివ్వుమనడం, ఉన్నట్టుండి ఒక దంతం చీలడం, కట్టిన సిమెంటు ఊడిపోతూ ఉండటం కూడా ఈ ఖాతాలోవే.

అరిగిన పళ్ళన్నీ నూరడం వల్ల అరిగినవి కావు. ఈ తేడా చాలాసార్లు మరుగున పడుతుంది. పైపన్నూ కిందిపన్నూ ఎదురెదురుగా చదునుగా, మెరుస్తూ, ఒకదానికొకటి సరిగ్గా సరిపోయేలా అరిగితే అది రాపిడి. పన్ను పైభాగం గుంటలు పడి, పైవరస ముందుపళ్ళ లోపలి వైపు పలచబడితే అది ఆమ్లం పని. కడుపులోంచి పులుపు పైకి తన్నుకొచ్చేవారిలోనూ, కూల్‌డ్రింకులు మరిగినవారిలోనూ కనిపిస్తుంది. చిగురు దగ్గర గీత కోసినట్టు ఉంటే బొగ్గుపొడి, గరుకు పళ్ళపొడి, గట్టి బ్రష్షు వంటివాటిని అనుమానించాలి. పైగా అరుగుదల గతం చెబుతుందే తప్ప వర్తమానం చెప్పదు. పదేళ్ళ కిందట నూరి మానేసిన మనిషి పళ్ళు కూడా అరిగే కనిపిస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది నొప్పి చిరునామా తప్పు చెప్పినప్పుడు. బుగ్గ కండరంలో పుట్టిన నొప్పి వెనక దంతాల్లో ఉన్నట్టు అనిపిస్తుంది. కణత కండరంలో పుట్టింది పైపళ్ళలో అనిపిస్తుంది. దవడ కీలులో పుట్టింది చెవిలో అనిపిస్తుంది. ఆ మనిషి చెవిపోటని చెవి డాక్టరు దగ్గరికి, తలనొప్పని కళ్ళజోళ్ళ దుకాణానికి, పంటినొప్పని రూట్ కెనాల్‌కీ తిరుగుతాడు. ఒక పన్నుకు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసినా నొప్పి పోదు. పక్క పన్ను మీదికి అనుమానం మళ్ళుతుంది. నొప్పి ఏ పన్నులో ఉందో రోగి వేలు పెట్టి చూపలేకపోతే, ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోతే, బుగ్గ కండరం నొక్కినప్పుడు సరిగ్గా అదే నొప్పి పలికితే, పన్ను జోలికి వెళ్ళకుండా ఆగమని అడిగే హక్కు రోగికి ఉంది. ఈ ఒక్క ప్రశ్న ఎన్నో దంతాలను కాపాడుతుంది.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఆగకూడదు. గాయం తగిలిన కొన్ని రోజులకు నోరు తెరుచుకోకుండా దవడ బిగుసుకుపోతే అది ధనుర్వాతం కావచ్చు. పొలం పనుల్లో కాలు చీరుకున్నవారి విషయంలో ఇది గంటల్లో ఆసుపత్రికి చేరాల్సిన పరిస్థితి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడ లాగి, నిలబడగానే తగ్గితే ముందు చూడాల్సింది గుండెను. గుట్కా, ఖైనీ, వక్క నమిలేవారికి నోరు క్రమంగా తక్కువ తెరుచుకుంటూ, కారం తగిలితే మండుతూ ఉంటే అది కండరం బిగింపు కాదు, నోటి లోపలి పొర గట్టిపడటం. క్యాన్సర్‌కు దారితీయగల మార్పు. తన మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టని మనిషి ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

ఏది నూరిస్తోంది

దిగులు, ఆందోళన ముఖ్యమైన కారణాలే, పగటి బిగింపులో మరీను. అయితే అంతా టెన్షనే అని చెప్పి పంపేస్తే మిగిలిన కారణాలు తప్పించుకుంటాయి. వాటిలో మొదట అడగాల్సింది మందుల గురించి. కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సిటిన్, సెర్ట్రలిన్, పారాక్సిటిన్, వెన్లఫాక్సిన్ వంటి మందులు కొందరిలో వారాల వ్యవధిలో దవడ బిగింపును మొదలుపెడతాయి. మందు మొదలుపెట్టిన తర్వాతే నూరడం వచ్చిందా అన్నది రోగి గుర్తు చేసుకుని రాసిన డాక్టరుకు చెప్పాలి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చాలాసార్లు సరిపోతుంది. సొంతంగా ఆపేయడం మాత్రం ప్రమాదం.

తర్వాతిది పొగాకు. పొగతాగేవారిలో నిద్రలో పళ్ళు నూరడం తాగనివారి కంటే దాదాపు రెట్టింపు. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో కొందరు స్త్రీలు చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. అంగిలి క్యాన్సర్‌కు అది కారణమన్న సంగతి దశాబ్దాల కిందటే తేలింది. నిద్రను పలచబరిచే నికోటిన్ కూడా దాంతోపాటే లోపలికి వెళుతుంది. సాయంత్రం మద్యం, అది కల్లైనా సరే, మొదట నిద్రమత్తు తెచ్చినా రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. పొద్దుపోయాక తాగే కాఫీ, టీలదీ అదే దారి. పైడిభీమవరం మందుల పరిశ్రమల్లో, జూట్ మిల్లుల్లో వారం వారం షిఫ్టు మారే కార్మికుడికి నిద్రవేళ ఎప్పుడూ కుదురుకోదు. అతనికి పళ్ళ చికిత్స చెప్పేటప్పుడు షిఫ్టు గురించి అడగని వైద్యం సగం వైద్యమే.

గురకది ప్రత్యేకమైన చోటు. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ పీల్చుకునే వారికి స్లీప్ ఆప్నియా ఉండవచ్చు. అలాంటి వారిలో కొందరికి పళ్ళు నూరడం దాని తోడుగా వస్తుంది. వీరికి ముందు నిద్ర పరీక్ష జరగాలి. విశాఖ వంటి నగరాల్లో ఆ సదుపాయం ఉంది. పైవరస పళ్ళకు తొడిగే గార్డు కొందరిలో ఆప్నియాను పెంచవచ్చు కాబట్టి గురక సంగతి దాచకుండా చెప్పాలి.

చిన్నపిల్లల విషయం ఇంతకంటే తేలిక. పాలపళ్ళు నూరి అరిగినా శాశ్వత దంతాలు వచ్చాక చాలామందిలో ఈ అలవాటు దానంతటదే తగ్గుతుంది. దవడ ఎదిగే వయసు కాబట్టి గార్డులు సాధారణంగా పెట్టరు. నోరు తెరుచుకుని నిద్రపోవడం, గురక, పగలు చిరాకు కూడా ఉంటే గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ చూపించాలి.

నొప్పి బిళ్ళ, ఉద్దానం

దవడ నొప్పికి మొదట గుర్తొచ్చేది మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే నొప్పి బిళ్ళ. రాష్ట్రంలో ఎక్కడైనా అది మంచి అలవాటు కాదు; శ్రీకాకుళం జిల్లాలో మరీ ప్రమాదం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఉద్దానంలో కారణం తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎన్నో ఏళ్ళుగా కుటుంబాలను తినేస్తోంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయంటే సమస్య ఎంత పెద్దదో ఊహించవచ్చు. ఆ వ్యాధికి మూలం ఏదైనా, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మందులు అసలే దెబ్బతిన్న మూత్రపిండానికి మరింత హాని చేస్తాయన్నదాంట్లో సందేహం లేదు. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గిన మనిషికి ఆ హాని ఇంకా ఎక్కువ. పారాసిటమాల్ అనుకుని కొనే చాలా మాత్రల్లో అసిక్లోఫెనాక్ కూడా కలిపి ఉంటుంది. అట్ట మీద చదివి చూడాలి. దవడ బిగింపు నెలల తరబడి ఉండే బాధ. దానికి రోజూ ఇలాంటి బిళ్ళ వేసుకోవడం పన్ను కోసం మూత్రపిండాన్ని పణంగా పెట్టడమే.

బిళ్ళ కంటే మేలైనవి ఇంట్లోనే ఉన్నాయి. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను బుగ్గల మీద, కణతల మీద పదిహేను నిమిషాలు ఉంచితే కండరం సడలుతుంది. వేళ్ళ కొసలతో బుగ్గ కండరాన్ని గుండ్రంగా, నెమ్మదిగా మర్దన చేయవచ్చు. నొప్పి ఎక్కువగా ఉన్న వారం పది రోజులు జంతికలు, చెరకు, తేగలు, పల్లీపట్టి, గట్టి మాంసం పక్కన పెట్టి పెరుగన్నం, చోడి అంబలి, మెత్తని పప్పు వంటివి తింటే దవడకు విశ్రాంతి దొరుకుతుంది. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించాలి.

పగటి బిగింపుకు మందు గమనికే. 'అమ్మ' అని పలికి చివరి మకారం దగ్గర ఆగితే పెదవులు కలుస్తాయి, పళ్ళు కలవవు. దవడ ఉండాల్సిన స్థితి అదే. 'ల' అనే అక్షరం పలికేటప్పుడు నాలుక కొస ఎక్కడ తాకుతుందో, తీరిక వేళ అది అక్కడే తేలికగా ఆని ఉండాలి. నాలుక అక్కడ ఉంటే పళ్ళు బిగించడం కష్టమవుతుంది. సమస్య గుర్తుంచుకోవడంలోనే ఉంది. ఇళ్ళల్లో అద్దం మీద అంటించి ఉంచే బొట్టుబిళ్ళ ఇందుకు చక్కగా పనికొస్తుంది. ఒకటి అద్దం మీద, ఒకటి కుట్టుమిషన్ మీద, ఒకటి ఫోను వెనక, ఒకటి లారీ స్టీరింగ్ దగ్గర అంటించి, అది కంటబడ్డప్పుడల్లా పళ్ళు తాకుతున్నాయా అని చూసుకుని వదలాలి. మొదటి రెండు మూడు రోజులు, ఎన్నిసార్లు బిగించి ఉన్నారో తెలిసి చాలామంది ఆశ్చర్యపోతారు. కొన్ని వారాలకు ఆ లెక్క తగ్గుతుంది. దిగులు బరువు దవడ ఒక్కటే మోయలేనంత ఉంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

గార్డు ఏం చేస్తుంది

రాత్రి నూరడానికి పళ్ళ డాక్టరు ఇచ్చే ప్రధాన రక్షణ నైట్ గార్డు. ఒక విషయం ముందే తెలిసి ఉంటే నిరాశ ఉండదు: గార్డు నూరడాన్ని ఆపదు. నూరేటప్పుడు పన్ను మీద పన్ను పడకుండా తాను అడ్డుపడి అరుగుతుంది. హెల్మెట్ ప్రమాదాన్ని ఆపదు, తలను కాపాడుతుంది, ఇదీ అంతే. మంచి గార్డు గట్టి యాక్రిలిక్‌తో, ఒక వరస పళ్ళన్నిటినీ కప్పుతూ, పైభాగం చదునుగా ఉంటుంది. పళ్ళ అచ్చు తీసి, ప్లాస్టర్ నమూనా పోసి, ల్యాబులో తయారుచేసి, నోట్లో పెట్టి, రంగు కాగితం కొరికించి ఎక్కడ ఎక్కువ తగులుతోందో చూసి సరిచేస్తారు. ఆ సరిచేయడమే అసలు పనితనం. ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీటిలో ముంచి కొరికే మెత్తని గార్డులు కొందరిలో నమిలే కండరాలను ఇంకా రెచ్చగొడతాయి. ముందుపళ్ళకు మాత్రమే తొడిగేవి ఎక్కువ కాలం వాడితే పళ్ళు కదిలి కాటు మారిపోవచ్చు.

శ్రీకాకుళంలో దంత వైద్య కళాశాల ఉంది. ఈ పని అర్థమైన దంత వైద్యులు రెండు జిల్లాల పట్టణాల్లోనూ దొరుకుతారు. వారి దగ్గర అడగాల్సింది గార్డు గురించే, వెనక్కి తీసుకోలేని చికిత్సల గురించి కాదు. పళ్ళు నూరడం ఆపడానికని మంచి పళ్ళను అరగదీయడం, నోరంతా క్యాప్‌లు వేయడం, క్లిప్పులు పెట్టడం వంటివాటికి ఆధారం లేదు. నూరే అలవాటు ఉన్న నోట్లో సిరామిక్ క్యాప్‌లు పగులుతాయి, ఇంప్లాంట్లు దెబ్బతింటాయి. ఏ కారణంతోనైనా అవి పెట్టించుకోవాల్సి వస్తే గార్డు తప్పనిసరి. బుగ్గ కండరంలో బొటాక్స్ సూది వేస్తే మూడు నుంచి ఆరు నెలలు బలం తగ్గుతుంది, నూరే సంఖ్య మాత్రం అంతగా తగ్గదు. ఏవీ పనిచేయని తీవ్రమైన నొప్పికి నిపుణుడి చేతిలో అది ఒక మార్గం, మొదటి మెట్టు కాదు. నిద్రమాత్రల తరహా మందులకు అలవాటు పడే ప్రమాదం ఉంది కాబట్టి అవి కొద్ది రోజులకే, డాక్టరు చూపులోనే.

గార్డును చల్లని నీటితో, మెత్తని బ్రష్షుతో కడగాలి. వేడినీళ్ళు పోస్తే వంకరపోతుంది. మొదటి కొన్ని రాత్రులు లాలాజలం ఎక్కువగా ఊరుతుంది, తర్వాత సర్దుకుంటుంది. పొద్దున్నే తీసిన కొద్ది నిమిషాలపాటు కాటు కొత్తగా అనిపించడం మామూలే. మధ్యాహ్నానికి కూడా అలాగే ఉంటే చూపించుకోవాలి. ఆరు నెలలకు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు గార్డును డబ్బాలో పెట్టి వెంట తీసుకువెళ్ళాలి. దాని మీద పడిన గీతలు చూస్తే దవడ ఎటువైపు జరుగుతోందో, ఎంత బలంతో జరుగుతోందో, కిందటిసారి కంటే తగ్గిందో లేదో తెలుస్తుంది. ఆ గీతలు పన్ను మీద పడాల్సినవి.